పాటకు ముందు మా మామ అడిగే ప్రశ్న

మా మామ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నా చేతిలో ఒక పెద్దమనిషి చెయ్యి ఉంది. కర్నూలులో ఒక ల్యాబులో రక్తం తీసే పని నాది. రబ్బరు పట్టీ బిగించి, నరం దొరికించుకుని, సూది గుచ్చబోతుంటే ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. నాకు మొదటి నుంచీ ఓపిక తక్కువ. సూది పక్కన పెట్టి విసుక్కుంటూ ఎత్తాను. మా ఆయన. "నాయన పోయినాడు" అన్నాడు. ఊళ్లో పొద్దున్నే మొహం కడుక్కుని అరుగు మీద కూర్చున్నారట. టీ తెచ్చేలోపు పక్కకు ఒరిగిపోయారట.

"సరే, వస్తాండా" అన్నాను. కూరగాయలు తెమ్మంటే అన్నట్టు అన్నాను. వెనక్కి వచ్చి ఆ పెద్దమనిషికి రక్తం తీశాను, సీసాకు పేరు అంటించాను, దూది ఒత్తిపట్టుకోమన్నాను. అప్పుడు పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను. దాచుకోవడం ఎందుకు, ముందు నాకు గుర్తొచ్చింది మామ కూడా కాదు, మా పాప.

ఎందుకంటే మూడు రోజుల ముందు, ఆదివారం సాయంత్రం, తొమ్మిదేళ్ల మా పాప ఆయన మొహం మీదే "నువ్వు మీ ఊరికి పో తాతా" అంది. సోమవారం పొద్దున ఆయన ఊరికి వెళ్లారు. బుధవారం పోయారు. వెళ్లే ముందు ఆయన పాపకు చెప్పమని నాకొక మాట అప్పగించారు. పదమూడు రోజులు ఆ మాట పాపకు చేరలేదు. నేను చేరనివ్వలేదు. ఊళ్లో ఆయన కోసం పెట్టిన ఆదరణ కూడికలో అందరూ మైకు ముందు ఆయన మంచితనం గురించి మాట్లాడారు, నేనూ మాట్లాడాను. అక్కడ ఈ సంగతి చెప్పలేదు. అందుకే ఇప్పుడు మీకు చెప్తున్నాను.

ఆగండి, ముందు ఆయన ఎవరో చెప్పాలి కదా. ఓర్వకల్లు పక్కన ఒక పల్లె ఆయనది. మూడెకరాల మెట్ట. వాన పడితే కంది, కొర్ర, పడకపోతే కూలి. చదువు ఐదో తరగతి దాకా. ఆ ఊరి చర్చి గంట నలభై ఏళ్లు కొట్టింది ఆయనే. అత్త పోయాక ఒంటరిగా ఉండలేక మా దగ్గరికి వచ్చి రెండేళ్లు ఉన్నారు. చాలా పొడుగు మనిషి. మా రెండు గదుల అద్దె ఇంట్లో ఎక్కడ కూర్చున్నా ఆయన కాళ్లు ఎవరికో ఒకరికి అడ్డం వచ్చేవి. నేను చీపురు పట్టుకుని వస్తుంటేనే కాళ్లు ముడిచేసుకునేవారు. శనివారం శనివారం పిల్లల గోళ్లు తీసేవారు. సాయంత్రం బొరుగుల్లో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తరిగి, కాస్త నూనె చల్లి, అందరి కంటే ముందు నాకు గిన్నెలో పెట్టి ఇచ్చేవారు. నేను నిలబడే తినేదాన్ని. "కూచోని తిను మ్మా, ఎవురు తరుముతాండారు నిన్ను?" అనేవారు.

ఏడు గంటలకు కుటుంబ ప్రార్థన. మా వాళ్లలో చాలా ఇళ్లలో ఉండేదే, కొత్తేమీ కాదు. చాప వేసి, ఒక పాట పాడి, వాక్యం చదివి, ప్రార్థన చేసుకుంటాం. కానీ పాటకు ముందు మామ ఒక పని చేసేవారు. కళ్లద్దాలు తీసి తువ్వాలుతో తుడిచి పక్కన పెట్టి, మా నలుగురి మొహాలూ చూసి అడిగేవారు.

"ఎవరికన్నా ఎవరి మీదన్నా ఏమన్నా ఉండాదా?"

మొదటి రోజు నేను నవ్వాను. పొయ్యి మీద పప్పు ఉంది, రేపటికి పిల్లల బట్టలు ఉతకాలి, ఈయనేమో పంచాయితీ పెట్టాడే అనుకున్నాను.

ఆ ప్రశ్న ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత చెప్పారు. పొలం గట్టు విషయంలో ఆయనకూ ఆయన తమ్ముడికీ మాటల్లేవు. నెలకోసారి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ముందు పాస్టరు అయ్యగారు, ఎవరి మీదైనా కోపం ఉంటే ముందు వెళ్లి సమాధానపడి రండి అనేవారట. అన్నదమ్ములిద్దరూ లేచి బయటకు వచ్చి, చెరో గోడకు ఆనుకుని, పాటలు అయిపోయేదాకా నిలబడేవారట. రెండేళ్లు. గంట కొట్టేవాడే బయట! "నెలకొకసారి అడిగితేనే అంత కష్టమాయె. దినామూ అడిగింటే అంత పెరిగేది కాదు మ్మా" అన్నారు. ఆ రెండేళ్ల తర్వాత సమాధానపడి, తమ్ముడు బతికున్నంతకాలం ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారట.

అప్పటికి పాప తమ్ముడు, మావాడికి మూడేళ్లు నిండాయి. కోపం వస్తే కొరికేవాడు. పాప చేతి మీద ఎప్పుడూ ఎర్రటి పళ్ల గుర్తులే. నా వైద్యం ఒకటే. వాడి వీపున ఒకటిచ్చి "అక్కకు సారీ చెప్పు" అనేదాన్ని. వాడు గోడ వైపు తిరిగి "సారీ" అనేవాడు. అరగంటకు మళ్లీ కొరికేవాడు. మాది కడప పక్క. మా పుట్టింట్లో కోపం వస్తే గిన్నెలు మాట్లాడేవి. మా అమ్మ గరిటె ఎంత గట్టిగా పెట్టిందో విని ఆ రోజు ఎలా ఉంటుందో చెప్పేవాళ్లం. నేను నేర్చుకొచ్చింది అదే.

ఒకరోజు చాప మీద పాప చెయ్యి చాపి చూపించింది. మామ మోకాళ్లు పట్టుకుని, అబ్బా అబ్బా అనుకుంటూ, నేల మీదికి ఇంకా వంగి, మావాడి మొహానికి తన మొహం సమానంగా తెచ్చారు. ఎప్పుడూ అలాగే. మోకాళ్ల నొప్పులు కదా మామా అంటే, "పిల్లోళ్ల మాట ఇనాలంటే చెవి వాళ్ల నోటికాడికి పోవాల గదమ్మా" అనేవారు.

"ఏమైంది నాయనా?" అన్నారు వాడితో.

"కోపమొచ్చింది."

"కోపం యాడుండాది?"

వాడు కాసేపు వెతుక్కున్నాడు. కడుపు చూసుకున్నాడు. చేతులు చూసుకున్నాడు. తర్వాత నోరు తెరిచి వేలు పెట్టి చూపించాడు. "పండ్లలో."

"అట్లనా! శానా ఉండాదా?"

"శానా."

మామ లేచి, గూట్లో పొద్దుటి జొన్నరొట్టె ఉంటే, గట్టిపడిన అంచు విరిచి తెచ్చి వాడికి ఇచ్చారు. "ఇది కొరుకు, ఎంత కావాల్నో అంత. అక్క చెయ్యి కొరకొద్దు. అక్కకు నొప్పి అయితాది."

నాకు ఒళ్లు మండిపోయింది. "కొరికినోనికి రొట్టె ఇస్తే ఇంగా కొరుకుతాడు మామా!"

"చూద్దాం మ్మా."

ఆ తర్వాతే అసలు కష్టం. అక్క చెప్పింది మావాడు మళ్లీ చెప్పాలి. అదీ ఆయన కట్టుబాటు. ఎవరి మీద చెప్తున్నారో వాళ్లు మధ్యలో నోరు ఎత్తకూడదు. అంతా విన్నాక, విన్నది తిరిగి చెప్పాలి. తప్పుంటే అవతలివాళ్లు దిద్దాలి. క్షమించమని అడగమని ఆయన ఎవరినీ బలవంతపెట్టలేదు. ఈరోజు మనసొప్పకపోతే "రేపు" అనవచ్చు. రేపు అన్నవాళ్లను ఎవరూ తొందరపెట్టకూడదు. మావాడు రొట్టె కొరుకుతూ, "అక్కకు మండుతాదంట" అన్నాడు. పాప "ఊఁ, ఇంగా రెండు కొరుకులు చెప్పలే వాడు" అని దిద్దింది.

వాడు మారిపోయాడని చెప్తే మీరు నమ్మొద్దు. ఆ వారంలోనే ఇంకో మూడుసార్లు కొరికాడు. ఎన్ని నెలలు పట్టిందో నాకు గుర్తులేదు. కానీ ఒక సాయంత్రం నేను చపాతీలు చేస్తుంటే వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, రొట్టె ఇయ్యి బిరీన, కోపమొచ్చింది!" అన్నాడు. పిడికిళ్లు బిగించి ఎగురుతున్నాడు పాపం. అంత కోపంలోనూ వంటింటి దాకా వచ్చాడు! నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వేడి చపాతీ చేతిలో పెట్టాను.

ఆయన పిల్లల్ని ఎప్పుడూ "ఎందుకు చేసినావు?" అని అడగలేదు. "ఏమైంది?" అనే అడిగారు. ఎందుకలా అని ఒకసారి అడిగాను. "ఎందుకు అంటే పిల్లోడు సాకు ఎతుక్కుంటాడు. ఏమైంది అంటే జరిగింది చెప్తాడు. నువ్వే ఒకపారి అడిగి చూడు" అన్నారు. చూశాను. నిజమే. కానీ నాకు నోటికి "ఎందుకు" ముందు వస్తుంది, ఇప్పటికీ.

ల్యాబుకు కూడా ఒకసారి వచ్చారు, చక్కెర పరీక్షకు. ఆయన కూర్చుని ఉండగానే ఒక చిన్నపాపకు రక్తం తీయాల్సి వచ్చింది. ఆ తల్లి, నేను, పక్కనున్న అమ్మాయి, ముగ్గురం ఒకటే పాట. ఏం కాదు, చీమ కుట్టినట్టే, చూడు చూడు బొమ్మ చూడు. సూది గుచ్చగానే ఆ పిల్ల ల్యాబు ఎగిరిపోయేలా అరిచింది. సాయంత్రం ఇంటికొచ్చాక మామ చల్లగా అన్నారు.

"చీమ కుట్టినట్టే అంటివి గదా మ్మా, అది చీమా? రేపు నిజంగా చీమ కుట్టినా ఆ పాప నిన్ను నమ్మదు."

"మరేం చెప్పాల మామా? సూది గుచ్చుతా, నొప్పి పుడతాది అనాల్నా?"

"అను. నొప్పి పుడతాది, ఇంతసేపే ఉంటాది, నేను ఈడనే ఉంటా అను."

మర్నాడు రక్తం ఇవ్వడానికి వచ్చిన ఒక పిల్లాడితో అలాగే అన్నాను, ఆయన మాట తప్పని చూపిద్దామనే అన్నాను. ఆ పిల్లాడు ఏడ్చాడు. ఏడుస్తూనే చెయ్యి మాత్రం కదపలేదు. అప్పటి నుంచి నేను చీమ మాట ఎత్తలేదు. ఈ సంగతి మామకు చెప్పి ఉండాల్సింది. ఆయన గెలిచారని ఒప్పుకోవడం ఇష్టంలేక చెప్పలేదు. చూడండి, ఎంతటి దాన్నో.

పిల్లల గొడవలు తీర్చినంతకాలం నాకు బాగానే ఉంది. ఒకరోజు పాప చాప మీద నా వైపు చూసి, "నాకు అమ్మ మీద ఉండాది" అంది. నేను ఉలిక్కిపడ్డాను.

"అమ్మ ఫోన్ చూసుకుంటా ఊఁ అంటాది తాతా. నేను చెప్పేది ఇనదు. నేను పరీక్ష పెట్టినా. అమ్మా, ఇంట్లోకి ఒంటె వచ్చింది అన్నా. ఊఁ, సరే అనింది."

మా ఆయన పకపకా నవ్వాడు. మామ నవ్వలేదు. నా వైపు తిరిగి ఎదురుచూస్తున్నారు, నేను విన్నది తిరిగి చెప్పాలని. నేను! పొద్దున ఐదింటికి లేచి, ఇద్దరికీ డబ్బాలు కట్టి, ఎనిమిది గంటలు నిలబడి జనం నరాలు వెతికి వచ్చినదాన్ని, ఈ పిల్ల ముందు దోషిలా కూర్చుని ఒంటె కథ ఒప్పజెప్పాలా? లేచి వంటింట్లోకి పోయాను. గిన్నెలు మాట్లాడాయి.

మామ వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "పిల్లోళ్లు నీ మీద చెప్తాండారంటే, నువ్వంటే వాళ్లకు భయం లేదు మ్మా. సంతోషపడు. నా పిల్లోళ్లు నా మీద ఒక్క మాట చెప్పలే. మోకుతో కొడ్తాంటి. ఇంగ యాడ చెప్తారు?" అన్నారు. మా ఆయన చాప మీద తల వంచుకుని ఉన్నాడు. ఆ ప్రశ్న వాళ్ల నాయన మా ఆయన్ను చిన్నప్పుడు ఒక్కసారీ అడగలేదు. అడగాలన్న ఆలోచనే ఆయనకు మనవలు పుట్టాక వచ్చింది.

ఆ మాట విన్నాక నా మనసు కరిగి ఉండాలి. కరగలేదు. రోజూ ఏడు అవుతోందంటే వంటింట్లో ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని. ఈరోజు నా మీద ఏం చెప్తారో! చివరికి ఒక మధ్యాహ్నం, సెలవు రోజు, కుక్కరు ఎక్కించి, ఫోన్ భుజానికి ఇరికించుకుని మా చెల్లెలితో అనేశాను. "ఈయన ఊరికి పోతే గానీ నాకు ఊపిరాడదు." పాప పక్క గదిలో బొమ్మలకు రంగులు వేసుకుంటోంది అనుకున్నాను.

ఇక ఆ ఆదివారం. గొడవ చిన్నదే. పాప తమ్ముడి బొమ్మ విరగ్గొట్టింది. తమ్ముడు ఏడుస్తూ చెప్పాడు. విన్నది చెప్పు తల్లీ అన్నారు మామ. పాపకు ఆ రోజు చర్చిలో సండే స్కూలు దగ్గర ఏదో అయింది, అదేమిటో నేను అడగలేదు. మొహం ఎర్రగా చేసుకుని అరిచింది.

"నేను చెప్పను! నువ్వు మీ ఊరికి పో తాతా. నువ్వు పోతే గానీ మా అమ్మకు ఊపిరాడదంట. చిన్నమ్మతో చెప్పింది."

మా ఆయన నా వైపు చూశాడు. మామ చూడలేదు. ఆ ఒక్క క్షణంలో నేను "అవును, అన్నాను, నోరు జారాను" అని ఉంటే ఈరోజు ఇది రాసే పని లేదు. నేనేం చేశానో తెలుసా? ఒంటికాలి మీద లేచాను.

"నేనెప్పుడు అన్నానే? అబద్ధాలు గూడా నేర్చినావా?" అని దాని చెంప మీద కొట్టాను. "తాతకు సారీ చెప్పు!"

పాప ఏడవలేదు. చెంప మీద చెయ్యి కూడా పెట్టుకోలేదు. నన్నే చూసింది. పెద్దవాళ్లు అబద్ధం ఆడతారని ఆ చూపుకు అప్పుడే తెలిసింది.

"కొట్టొద్దు మ్మా" అన్నారు మామ. తర్వాత ఎప్పటిలా పాప మొహానికి తన మొహం తెచ్చి, "నాతో ఏమన్నా చెప్తావా తల్లీ?" అని అడిగారు.

"రేపు" అంది పాప.

"సరే మ్మా. రేపే చెప్పు" అన్నారు. ఆ రోజు పాట ఆయన ఒక్కరే పాడారు.

కోత పండగకు ఆయన ఎలాగూ ఊరికి వెళ్లాల్సిందే. చర్చి కడిగించాలి, తోరణాలు కట్టించాలి. నాలుగు రోజుల తర్వాత వెళ్లాల్సిన మనిషి సోమవారం పొద్దున్నే సంచి సర్దుకున్నారు. అప్పటికే పాప బడి ఆటో వెళ్లిపోయింది. నేనే స్కూటీ మీద ఆయన్ను బస్సు దగ్గరికి తీసుకెళ్లాను. వెనక అంత పొడుగు మనిషి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే బండి ఊగుతోంది. దారంతా నేనేదో వాగుతూనే ఉన్నాను, మాత్రలు పెట్టాను, చక్కెర చూసుకోండి, ఎండలో తిరగొద్దు అని. దిగాక ఆయన అన్నారు.

"పాప అబద్ధం చెప్పలే మ్మా. ఆ పొద్దు నువ్వు ఫోన్లో అనేటప్పుడు నేను బయట తువ్వాలు ఆరేస్తాంటి. ఇన్నా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నా మీద నీకు ఇసుగు వస్తే అది తప్పు కాదు. రెండు గదుల ఇల్లు, ఒక్కదానివి ఎన్నని చేస్తావు? నేనేమీ మనసులో పెట్టుకోలే. పాపకు మాత్రం చెప్పు. నువ్వు నిజమే చెప్పినావని తాతకు తెలుసంట అని చెప్పు. పాపం, నిజం చెప్పి దెబ్బ తినింది."

"సరే మామా" అన్నాను. బస్సు వచ్చింది. ఆయన తల వంచి ఎక్కారు, ఆ మనిషికి ఏ బస్సులోనూ తల వంచక తప్పేది కాదు. కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "ఆదివారం పండగకు అందరూ రాండి" అన్నారు.

ఆ సాయంత్రం చెప్దామనుకున్నాను. పాప వచ్చింది, నాతో మాట్లాడకుండా పుస్తకాల సంచి పడేసి పక్కకు వెళ్లింది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఇంతమాత్రం దానికి ఇంత బిగువా, రేపు చెప్తాలే అనుకున్నాను. మంగళవారం పని ఎక్కువైంది. బుధవారం ఫోన్ వచ్చింది.

పల్లెకు వెళ్లాం. చర్చికి కట్టాల్సిన మామిడాకులు బుట్టలో అలాగే ఉన్నాయి. మా ఆయన అక్క, మా వదిన, అదే ఊళ్లో ఉంటుంది. తండ్రి మీద పడి ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆమెకు. సమాధుల తోటలో అందరం తలా పిడికెడు మట్టి వేస్తుంటే పాప వెనక్కి జరిగి నిలబడింది. మా వదిన దాని భుజం పట్టుకుని, "తాతను పొమ్మంటివంట గదా పాపా. పోయినాడు చూడు" అంది. ఆదివారమే ఫోన్లో మావాడు వాగి ఉంటాడు, అక్క తాతను ఊరికి పొమ్మంది అని. ఆమె చెడ్డది కాదు, దుఃఖంలో నోరు జారింది. నోరు జారడం గురించి నేను ఎవరినేం అనగలను?

నేను వాళ్లకు రెండడుగుల దూరంలో ఉన్నాను. విన్నాను. కొంగు సర్దుకుని అటు తిరిగాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నేను ఇప్పటికి నాలుగుసార్లు లేచి ఇల్లంతా తిరిగి వచ్చాను.

తర్వాతి రోజుల్లో పాప బడికి వెళ్లింది, హోంవర్కు చేసింది, పెట్టింది తింది. దేనికీ గొడవ పెట్టలేదు. తమ్ముడు బొమ్మ లాక్కుంటే ఇచ్చేసింది. ఎంత బుద్ధిమంతురాలైందో అని పక్కింటివాళ్లు మెచ్చుకున్నారు. నాకు భయం పట్టుకుంది. దగ్గరికి తీసుకుని, "తాత నిన్నేమీ అనుకోలేదు, మర్చిపో" అన్నాను. మర్చిపోవాలట! నా మాట తీసేసి ఆయన మాట సగం చెప్పాను. పాప నా చేతుల్లోంచి మెల్లగా జారిపోయి, "నేను పొమ్మన్నందుకే తాత సచ్చిపోయినాడా?" అంది. "ఛ, అట్ల ఉంటాదా?" అన్నాను. నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? దాని ముందే ఒకసారి అబద్ధం ఆడినదాన్ని.

పదకొండో రోజు ఆదరణ కూడిక. అయ్యగారు కోడలిగా రెండు మాటలు చెప్పమన్నారు. మైకు పట్టుకుని, "మా మామ మా పిల్లలకు ఒకరినొకరు క్షమించుకోవడం నేర్పారు" అన్నాను. ఎదురుగా చాప మీద పాప కూర్చుని ఉంది. నన్ను చూస్తోంది, ఆ ఆదివారం చూసిన చూపే. నా నోటికి తాళం పడింది. ఏడుస్తున్నానని అనుకుని నలుగురూ వచ్చి ఓదార్చారు. వాళ్ల చేతులు నా భుజం మీద పడుతుంటే ఒళ్లంతా చీదర పుట్టింది నా మీద నాకే.

మర్నాడు కర్నూలు వచ్చాం. సాయంత్రం ఏడు అయింది. మామ పోయినప్పటి నుంచీ ఎవరమూ చాప పరవలేదు. మా ఆయన లేచి, మూలనున్న చాప తెచ్చి పరిచాడు. కూర్చున్నాడు. పిల్లలు కూర్చున్నారు. నేను వంటింటి గడపలో నిలబడ్డాను. ఆయన గొంతు సవరించుకుని, "ఎవరికన్నా ఎవరి మీదన్నా..." అని ఆగిపోయాడు.

నేను వెళ్లి పాప ఎదురుగా కూర్చున్నాను. అది తల వంచుకుంటే నేనూ వంగాను. మొహం మొహానికి సమానంగా రావడానికి దాదాపు పడుకున్నంత పనైంది.

"పాపకు నా మీద ఉండాది. అదేందో నేనే చెప్తా" అన్నాను.

చెప్పాను. ఫోన్లో చెల్లెలితో అన్నది నేనేనని చెప్పాను. అనలేదని అబద్ధం ఆడానని, నిజం చెప్పినదాన్ని కొట్టానని చెప్పాను. బస్సు దగ్గర తాత అన్న మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. సిగ్గేసి దాచుకున్నానని చెప్పాను. తాత గుండె ఆగి పోయాడని, నీ మాట వల్ల గానీ నా మాట వల్ల గానీ కాదని, ల్యాబులో పెద్దవాళ్లకు చెప్పినట్టు విడమరిచి చెప్పాను. చెప్తున్నంతసేపూ లేచి పారిపోవాలనిపించింది. మా ఆయన మధ్యలో నోరు ఎత్తలేదు.

పాప తిరిగి చెప్పడం మొదలుపెట్టింది, ఒప్పజెప్పే పాఠంలా, నేల చూస్తూ. "చిన్నమ్మతో నువ్వు అన్నావు. నేను ఇన్నా. నిజం చెప్తే కొట్టినావు. నేను నిజమే చెప్పినానని తాతకు తెలుసు. నాకు చెప్పమన్యాడు. నువ్వు చెప్పలే." కొంచెం ఆగి, "పదమూడు దినాలు చెప్పలే" అంది. ఎన్ని రోజులో నేను చెప్పలేదు.

నన్ను క్షమిస్తావా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగే హక్కు లేదనిపించి మింగేశాను.

"అత్తకు చెప్పు" అంది పాప.

"ఏంది?"

"అత్త అందరి ముందర అనింది నన్ను. అత్తకు గూడా చెప్పు. ఇప్పుడే."

నేను మా ఆయన వైపు చూశాను, కాపాడతాడేమోనని. ఆయన తన ఫోన్ తీసి, వాళ్ల అక్క నంబరు నొక్కి, స్పీకరు పెట్టి చాప మధ్యలో ఉంచాడు.

"ఏం రా, ఇంటికి చేరినారా?" అంది మా వదిన.

"వదినా, నేను. ఒక మాట చెప్పాల." మొత్తం మళ్లీ మొదలుపెట్టాను. మొదటిసారి కంటే రెండోసారే కష్టం. ఆమె నాయన మీద నేను అన్న మాట ఆమెకే చెప్పాలి కదా. అవతల ఎవరింట్లోనో టీవీ మోగుతోంది, గేదె అరుస్తోంది. నేను ముగించినా వదిన మాట్లాడలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది. ఫోన్ పెట్టేసిందేమోనని తొంగిచూశాను. లేదు, ఉంది.

పాప ముందుకు జరిగి ఫోన్ రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అత్తా, ఇన్నావా?"

"ఇన్నా మ్మా" అంది వదిన. గొంతు బొంగురుగా ఉంది. ఏదో అనబోయింది, ఆగింది. "పాపా... నేను గూడా నిన్ను ఒక మాట అంటి, సమాధుల కాడ..."

మళ్లీ ఏమీ వినపడలేదు, ముక్కు చీదుకున్న చప్పుడు తప్ప. మా ఆయన ఫోన్ కోసం చెయ్యి చాపాడు. పాప ఇవ్వలేదు. ఫోన్ చెవి దగ్గరికి తీసుకుని, తల కొంచెం పక్కకు వంచి, తొందరేమీ లేనట్టు సర్దుకుని కూర్చుంది.

"చెప్పత్తా. ఇంటాండా" అంది.